కచేరీ రోజు గొంతును కాచుకోవడం

సాయంత్రం ఆరున్నరకు కర్ణాటక సంగీత కచేరీ, రెండున్నర గంటల పాట అనుకుందాం. ఐదున్నర శ్రుతిలో (జీ షార్ప్) పాడే గాయనికి మధ్య షడ్జం (నడిమి స్థాయి 'స') దగ్గర గొంతులోని స్వరతంత్రులు సెకనుకు 200 సార్లకు పైగా కొట్టుకుంటాయి, తార షడ్జం (పై స్థాయి 'స') దగ్గర 400 దాటుతాయి. సాధన చేసిన గొంతుకు ఆ పని అలవాటే. కచేరీ నాడు గొంతును దెబ్బతీసేవి చాలావరకు పాటకు ముందు జరిగే పనులు: పొద్దుటి నుంచీ ఫోన్లు, కారులో కబుర్లు, పై షడ్జం పలుకుతోందో లేదోనని గంటగంటకూ చూసుకోవడం.

నిద్ర లేచిన గంటదాకా పాడకండి. రాత్రంతా పడుకుని ఉండడంతో స్వరతంత్రులు కొంచెం ఉబ్బి, గొంతు బరువుగా ఉంటుంది. అప్పుడు తారస్థాయిని పరీక్షిస్తే పలకదు. పలకలేదని కంగారుపడి ఇంకా గట్టిగా లాగుతారు, అక్కడే జీర మొదలవుతుంది. పొద్దున పావుగంట సాధన చాలు. మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') నుంచి మధ్య పంచమం దాకా, నెమ్మదిగా, అకారంలో. జంట స్వరాలు (ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే అభ్యాసం) రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో పాడి ఆపేయండి. ఆ రోజు కొత్త కల్పన స్వరాలు (సొంతంగా అల్లి పాడే స్వరాలు) కట్టుకోవద్దు.

తాగిన నీళ్ళు నేరుగా స్వరతంత్రులను తడుపుతాయని ఒక అపోహ ఉంది. తాగిన నీరు స్వరతంత్రుల మీదుగా పోదు, అన్నవాహికలోకి పోతుంది. ఒళ్ళంతా తడి చేరాకే ఆ తడి గొంతుకూ అందుతుంది, దానికి గంటలు పడుతుంది. అందుకని వేదిక ఎక్కే ముందు గటగటా లీటరు తాగితే కడుపు బరువెక్కడం తప్ప లాభం లేదు. ముందు రోజు నుంచే గంటకో గ్లాసు చొప్పున తాగుతూ ఉండండి. నేరుగా తడి తగిలేది ఆవిరితోనే. కచేరీకి రెండు గంటల ముందు, పొయ్యి మీంచి దించిన గిన్నెకు అడుగు దూరంలో ముఖం పెట్టి పది నిమిషాలు ఆవిరి పట్టండి. ఉత్త నీళ్ళే, బామ్ వెయ్యొద్దు. చల్లగా హాయిగా అనిపించినా ఆ ఘాటు గొంతును ఆరబెడుతుంది. పుదీనా ఘాటున్న బిళ్ళలదీ అదే తంతు. అతిమధురం పుల్ల చప్పరించడం, మిరియాల పాలు తాగడం అలవాటున్నవాళ్ళు మానక్కర్లేదు. అలవాటు లేనివాళ్ళు మాత్రం ఆ రోజే మొదలుపెట్టొద్దు. కాఫీ కూడా అంతే: రోజూ తాగేవాళ్ళు ఒక కప్పు తాగాలి, మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది.

భోజనం మూడు గంటల ముందు ముగించండి. మెత్తటి అన్నం, పప్పు, ఒక కూర చాలు. ఆవకాయ, వేపుళ్ళు, పులిహోర ఆ పూటకు వద్దు. బాసింపట్టు వేసుకుని పొట్టతో ఊపిరి పడుతూ పాడేటప్పుడు కడుపులోని పులుపు పైకి తన్ని స్వరపేటికను మండిస్తుంది. పెరుగు కఫం పెంచుతుందని చాలామంది నమ్మకం. అసలు జరిగేది లాలాజలం చిక్కబడి, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు తోచడం. పడనివాళ్ళు మానేయండి. పాటకు గంట ముందు ఒక అరటిపండు తింటే నీరసం రాదు.

అడ్డుపడ్డట్టు ఉంటే గట్టిగా గొంతు సవరించుకోకండి. అలా చేసిన ప్రతిసారీ రెండు తంత్రులూ ఒకదానికొకటి బలంగా కొట్టుకుంటాయి, ఆ రాపిడికి ఇంకాస్త జిగురు ఊరుతుంది, మళ్ళీ సవరించుకోవాలనిపిస్తుంది. ఒక గుక్క నీళ్ళు తాగి మింగండి, లేదా నోరు మూసి సన్నగా మంద్ర షడ్జం పట్టండి. గొంతు కాపాడుకుంటున్నామని గుసగుసగా మాట్లాడడం కూడా మంచిది కాదు. చాలామందికి అది మామూలు మాట కన్నా ఎక్కువ ఒత్తిడి. తక్కువ మాట్లాడండి, మాట్లాడేటప్పుడు మామూలుగా మాట్లాడండి.

హాలుకు గంటన్నర ముందు చేరాలి. ఏసీ గాలి నేరుగా ముఖానికి కొడుతోందేమో కూర్చుని చూసుకుని, కొడితే చాపను జరిపించండి. శ్రీరామనవమి పందిళ్ళలో కర్పూరం, సాంబ్రాణి పొగతోనే అసలు చిక్కు. హారతి అయ్యాక పది నిమిషాలు ఆగి మొదలుపెడతామని నిర్వాహకులకు ముందే చెప్పండి, సాధారణంగా కాదనరు. మైకు నోటికి బెత్తెడు దూరంలో, గడ్డం ఎత్తున ఉండాలి. మానిటర్‌లో (పాడేవారి వైపు తిప్పి పెట్టే స్పీకరులో) మీ గొంతు, తంబురా స్పష్టంగా వినిపించే వరకు సౌండ్ అబ్బాయిని వదలొద్దు, మృదంగం తక్కువైనా సర్దుకోవచ్చు. తన గొంతు తనకు వినబడకపోతే ఎవరైనా తెలియకుండానే అరుస్తారు. త్యాగరాజ ఆరాధన నాడు పొద్దున, ఆయన పంచరత్న కీర్తనలను అందరూ కలిసి పాడే గోష్ఠిలో జరిగేది ఇదే. అదే సాయంత్రం కచేరీ ఉన్నవాళ్ళు గోష్ఠిలో సగం గొంతుతోనే పాడాలి, తారస్థాయి సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) పక్కవాళ్ళకు వదిలేయాలి. తంబురాను వేదిక మీద పెట్టిన పావుగంటకు మళ్ళీ శ్రుతి చెయ్యండి, చల్లదనానికి తీగలు మారతాయి. ఫోన్‌లో శ్రుతి పెట్టుకుంటే ఫ్లైట్ మోడ్ మరిచిపోవద్దు.

గొంతు సిద్ధం చేయడానికి గ్రీన్‌రూములో పదిహేను నిమిషాలు చాలు. మొదట గ్లాసులో సగం నీళ్ళు పోసి, మామూలు స్ట్రాను రెండంగుళాల లోతుకు మించకుండా ముంచి, "ఊ" అంటూ బుడగలు తెప్పించండి. బుడగలు ఆగకుండా సమంగా రావాలి; తెగిపోతుంటే ఊపిరి తడబడుతోందన్నమాట. మంద్రం నుంచి పైకి, మళ్ళీ కిందికి జారుతూ ఐదు నిమిషాలు. స్ట్రా దగ్గర ఊపిరికి ఎదురయ్యే అడ్డు వెనక్కి తోస్తుంది కాబట్టి తంత్రులు మెత్తగా తాకుతూ కదులుతాయి. తర్వాత సరళీ స్వరాలు (మొట్టమొదట నేర్చుకునే స్వర పాఠాలు), చివర్లో ఒక్కసారి తార షడ్జం తాకి దిగిపోండి.

గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచిన కచేరీ పద్ధతిలో వర్ణమనే రచన మొదట ఉండడం గొంతుకెంతో మేలు. దాన్ని వదిలేసి తారస్థాయిలో తిరిగే కీర్తనతో మొదలుపెట్టకండి. బరువైన ప్రతి కీర్తనకూ అదే తాళంలో, అదే నిడివిలో తేలికైన ఇంకొకటి కాగితం మీద పక్కనే రాసుకుని, ఆ కాగితం పక్కవాద్యాలవారికి ముందే చూపించండి. జలుబుగా ఉంటే అర శ్రుతి తగ్గించడం నామోషీ కాదు. కానీ ఆ మాట వయొలిన్, మృదంగం వారికి ఇంటి దగ్గరే ఫోన్ చేసి చెప్పాలి, మృదంగం ఆ శ్రుతికి తగ్గది తెచ్చుకోవాలి కదా. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని కీర్తనకీ కీర్తనకీ మధ్య ఒక్కో గుక్క తాగండి.

మందుల సంగతి ఖచ్చితంగా పాటించాలి. జలుబుకు వాడే అలర్జీ మాత్రల్లో చాలా రకాలు గొంతును ఆరబెడతాయి. నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కించే స్ప్రేలు అసలొద్దు: నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వవు కనుక, పాట ఒత్తిడిలో స్వరతంత్రిలో చిన్న రక్తనాళం చిట్లే ప్రమాదం పెరుగుతుంది. గుండెకో మరోదానికో డాక్టరు రాసిన మందైతే మాత్రం సొంతంగా ఆపొద్దు, ఆయన్నే అడగండి. పాడుతుండగా గొంతు ఒక్కసారిగా మూగబోతే ఆ క్షణమే ఆపేయాలి. తనియావర్తనం (మృదంగం వారు ఒంటరిగా వాయించే భాగం) ఇప్పించి, మంగళం పక్కవాద్యాలతో అనిపించి ముగించండి. పొద్దున్నే ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో చూసేవరకు మాట కూడా వద్దు.

కచేరీ అయ్యాక రసికులు చుట్టూ చేరతారు, ఆ హోరులో గొంతెత్తి మాట్లాడడం రెండో కచేరీ అవుతుంది. ముందు గ్రీన్‌రూములో ఐదు నిమిషాలు నోరు మూసి మంద్రస్థాయిలో సన్నగా పలికించి, అప్పుడు బయటికి రండి. రాత్రి భోజనం తేలిగ్గా, పడుకోవడానికి రెండు గంటల ముందే. కుదరనంత ఆలస్యమైతే పాలు, ఇడ్లీలతో సరిపెట్టుకుని, తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి పడుకోండి.