చీట్‌లో రాసుకున్న నోట్సు కనిపించడం లేదా?

టార్, ఆర్‌సింక్ లాంటి కమాండ్ల ఆప్షన్లు గుర్తుండని నాలాంటివాళ్లకు టెర్మినల్లో నోట్సు పెట్టుకోవడానికి చీట్ అనే టూల్ బాగుంటుంది. అందులో ఒక్కో నోట్సు ఫైలుని షీటు అంటారు. టెర్మినల్ వాడటం వచ్చనే అనుకుని రాస్తున్నాను.

"కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది

డౌన్‌లోడ్ అయ్యేది జీజిప్ ఫైలు. దాన్ని విప్పి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి, పాత్‌లో (షెల్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉన్న ఫోల్డర్‌లో పెట్టారా? ఇది చూడకుండా మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లను చూసి విసుగొచ్చింది.

నా షీటు కాకుండా వేరేది వస్తోంది

ఒకే పేరుతో రెండు షీట్లుంటే చీట్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలులో కింద రాసిన ఫోల్డరుదే చెల్లుతుంది. మీ సొంత షీట్లుండే పర్సనల్ ఫోల్డర్‌ని అన్నిటికన్నా కింద పెట్టండి.

నిన్న రాసిన నోట్సు ఇవాళ లేవు

నన్ను ఏడిపించింది ఇదే. బ్యాకప్‌లన్నీ తిరగేశాను. తీరా చూస్తే నోట్సు రూట్ (అడ్మిన్ యూజర్) ఇంట్లో, అంటే దాని హోమ్ ఫోల్డర్‌లో కూర్చున్నాయి! సర్వర్ పని మధ్యలో చేతి అలవాటుకొద్దీ చీట్ ముందు కూడా సుడో (రూట్ హక్కులతో నడిపించే కమాండ్) కొట్టాను. చీట్ కాన్ఫిగ్‌ను హోమ్ ఫోల్డర్‌లో వెతుకుతుంది. ఉబుంటులో 19.10 నుంచి సుడోతో నడిపితే హోమ్ అంటే రూట్‌దే. అక్కడ కాన్ఫిగ్ లేకపోతే కొత్తది చేయమంటారా అని అడుగుతుంది, మనం చూడకుండా వై కొట్టేస్తాం. ఎప్పుడో సెటప్ చేసిన టూల్ మళ్లీ ఆ ప్రశ్న వేసిందంటే అక్కడే ఆగాలి.

పాత ఉబుంటులో ఇదే తప్పు ఇంకో వేషంలో వచ్చేది. ఫోల్డర్ మీదే, ఫైలు మాత్రం రూట్‌ది. తెరుచుకుంటుంది, సేవ్ కాదు. దానికి మళ్లీ సుడో వాడితే ఇంకో నాలుగు ఫైళ్లు రూట్ పేరు మీదికి పోతాయి.

తేల్చుకోవాలంటే "చీట్ హైఫన్ డి" మామూలుగా ఒకసారి, సుడోతో ఒకసారి కొట్టండి. రెండోసారి రూట్ ఫోల్డర్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే. కాన్ఫిగ్ ప్రశ్న వస్తే ఎన్ కొట్టండి, మీ కారణం వేరే.

దొరికితే "సుడో హైఫన్ ఐ"తో రూట్ షెల్‌లోకి వెళ్లండి. బయటి నుంచి సుడోతో సీపీ (కాపీ కమాండ్) కొట్టి స్టార్ గుర్తు పెడితే పనిచేయదు, ఎందుకంటే స్టార్‌ని విప్పేది మీ షెల్, దానికి రూట్ ఫోల్డర్ కనిపించదు. రూట్ పర్సనల్‌లోని షీట్లను మీ పర్సనల్‌లోకి కాపీ చేయండి. సీపీకి హైఫన్ ఎన్ పెడితే అదే పేరున్న మీ షీట్లు చెరిగిపోవు, వాటిని చేత్తో కలుపుకోవచ్చు. తరవాత చోన్‌తో ఓనర్‌ని మీ యూజర్‌కి మార్చండి. ఇది మరిచిపోతే సేవ్ దగ్గర మళ్లీ ఇరుక్కుంటారు. అన్నీ వచ్చాయని చూసుకున్నాకే రూట్ దగ్గరి చీట్ ఫోల్డర్ తీసేయండి.

మిగతావి

కాన్ఫిగ్‌లో స్పేసు బదులు ట్యాబ్ పడితే యామెల్ (ఆ ఫైలు రాసే ఫార్మాట్) ఒప్పుకోదు. రంగులు రాకపోతే అందులోనే కలరైజ్‌ని ట్రూ చేయండి.