బీటెక్‌లో మెంటర్ దగ్గర సంతకమే కాదు, సలహా కూడా తీసుకోవడం ఎలా?

చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్ ఉంటారు. కొన్నిచోట్ల కౌన్సిలర్ అంటారు. మనవాళ్లు ఎక్కువమంది ఆ సార్‌ని కలిసేది బుక్‌లో సంతకం కోసమే. "అంతా ఓకేనా?" "ఓకే సార్." అంతే, బయటికి వచ్చేస్తారు. సబ్జెక్టులు పాసవకుండా మిగిలిపోయిన (బ్యాక్‌లాగ్స్ ఉన్న) పిల్లలకు ఈ ఐదు నిమిషాలు వృథాగా పోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారు. కాకపోతే తయారై వెళ్లాలి.

ముందు మీ రెగ్యులేషన్ (మీ బ్యాచ్‌కి వర్తించే సిలబస్, పరీక్షల నియమాలు) ఏదో చూసుకోండి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో ఆర్18, ఆర్22, కాకినాడలో ఆర్20, ఆర్23 ఇలా మీరు చేరిన సంవత్సరాన్ని బట్టి మారుతుంది. అటానమస్ (సిలబస్, పరీక్షలు తామే చూసుకునే) కాలేజీలకు సొంత రెగ్యులేషన్ ఉంటుంది. పీడీఎఫ్ దింపుకుని అటెండెన్స్, ప్రమోషన్, డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు), ఈ మూడు భాగాలైనా చదవండి. సీనియర్ చెప్పిన రూల్ వాళ్ల బ్యాచ్‌ది కావచ్చు, మీకు వర్తించకపోవచ్చు.

తర్వాత మెమోలన్నీ ముందేసుకుని ఒక తెల్లకాగితం మీద రాయండి: సెమిస్టర్, వచ్చిన క్రెడిట్లు, మిగిలిన సబ్జెక్టులు, వాటి క్రెడిట్లు. నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్ పోవడం, ఒక క్రెడిట్ ల్యాబ్ పోవడం ఒకటి కాదు. పై సంవత్సరానికి ప్రమోషన్ దగ్గర లెక్కకొచ్చేది క్రెడిట్లే.

అదే కాగితం మీద అటెండెన్స్ లెక్క కూడా వేయండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. ఉదాహరణకు ఇప్పటికి 360 క్లాసులు జరిగితే మీరు 255 విన్నారనుకుందాం. అంటే దాదాపు 71 శాతం. సెమిస్టర్ పూర్తయ్యేలోపు ఇంకో 120 ఉన్నాయి. మొత్తం 480లో ఉండాల్సిన 75 శాతం అంటే 360. కాబట్టి మిగిలిన 120లో 105 వినాల్సిందే. పోగొట్టుకోగలిగేది పదిహేనే. జేఎన్‌టీయూహెచ్‌లో 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవాళ్లకు సరైన కారణం చూపితే కండొనేషన్ (తగ్గిన అటెండెన్స్‌కి మినహాయింపు) ఇచ్చే వీలుంది, అది హక్కు మాత్రం కాదు. 65 కంటే తగ్గితే డిటెన్షనే, అంటే పరీక్షలు రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. డిటెయిన్ అయి జూనియర్ బ్యాచ్‌లో చేరితే రెగ్యులేషన్ కూడా మారిపోయి కొత్త సబ్జెక్టులు నెత్తిన పడే ప్రమాదం ఉంది.

ఇక ఎప్పుడు కలవాలి? మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు రాగానే. సెమిస్టర్ చివర వెళ్తే సార్ కూడా చేయగలిగింది పెద్దగా ఉండదు. కాగితం ఆయన ముందు పెట్టి సూటిగా అడగండి: "సార్, ఈ రెండు బ్యాక్‌లాగ్స్‌లో ఈ సప్లీకి ఏది ముందు రాయమంటారు? దీని మీద ఆధారపడ్డ సబ్జెక్టు వచ్చే సెమ్‌లో ఏదైనా ఉందా?" "నేనేం చేయాలి సార్?" అంటే "బాగా చదువు" అనే జవాబే వస్తుంది.

ఎలక్టివ్ (మన ఇష్టాన్ని బట్టి తీసుకునే సబ్జెక్టు) ఎంచుకునేటప్పుడు ఫ్రెండ్స్ ఏది తీసుకున్నారని చూడకండి. సిలబస్ కాపీ పట్టుకెళ్లి ఆ సబ్జెక్టు చెప్పే ఫ్యాకల్టీ ఎవరో, మీకు ఆసక్తి ఉన్న ఉద్యోగానికో ఎంటెక్‌కో అది పనికొస్తుందో లేదో అడగండి. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ వేదిక) కోర్సు చేస్తుంటే, దాని క్రెడిట్లు మీ డిగ్రీలో కలుపుతారా అనేది రిజిస్టర్ చేసుకోకముందే డిపార్ట్‌మెంట్‌లో తేల్చుకోండి.

బయటికి రాగానే మాట్లాడుకున్నది రాసుకుని సార్‌కి చిన్న మెయిల్ పెట్టండి. మెంటర్ దగ్గర పని జరగకపోతే అదే కాగితంతో హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లండి. రీవాల్యుయేషన్, సప్లీ ఫీజు తేదీల గురించి మాత్రం నేరుగా ఎగ్జామ్ బ్రాంచ్‌నే అడగాలి.

మార్కులు తగ్గడానికి కారణం ఇంట్లో డబ్బు ఇబ్బందో, అనారోగ్యమో అయితే అది కూడా మెంటర్‌కి చెప్పండి. వివరాలన్నీ అక్కర్లేదు, "ఇంట్లో పరిస్థితి బాలేదు సార్, రెండు వారాలు క్లాసులకు రాలేకపోయాను" అన్నా చాలు. హాస్పిటల్ కాగితాలుంటే అప్పుడే ఇవ్వండి, కండొనేషన్‌కి అవే ఆధారం. మనసు బాగా కుంగిపోయి ఎవరితోనూ మాట్లాడలేకపోతుంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, అర్ధరాత్రయినా ఎత్తుతారు.