ముసురు పట్టకముందే పల్స్ టూల్ టార్క్ సరిచూసుకోండి

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనైనా పైడిభీమవరంలోనైనా, గాలితో నడిచి, లోపలి ఆయిల్ ఒత్తిడి దెబ్బలతో బోల్టులు బిగించే ఆయిల్ పల్స్ టూల్‌ని ఎండాకాలంలో సెట్ చేసినట్టే ఉంచి తుపాన్ల నెలల్లో వాడటం మంచిది కాదు. టూల్‌లో ఏ లోపమూ లేకపోయినా గాలి లైన్లో చేరే నీరు, జనరేటర్ మీద నడిచే కంప్రెసర్, తుప్పెక్కిన బోల్టులు బిగింపును మార్చేస్తాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అందుకే సెప్టెంబరులోగా ఈ పని ముగించండి.

ముందు గాలి సంగతి. చాలా టూళ్లకు 6.3 బార్ కావాలి. అది కంప్రెసర్ దగ్గర గేజి చూపే అంకె కాదు, ట్రిగ్గర్ నొక్కి ఉంచినప్పుడు టూల్‌లోకి గాలి వెళ్లే చోట ఉండాల్సిన ప్రెషర్. ఆగి ఉన్నప్పుడు 6.3 చూపి, నడిచేటప్పుడు 5కి పడిపోతుంటే పైపు సన్నదై ఉండాలి, లేదా ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి. దాన్ని సరిచేయకుండా టూల్ మీద టార్క్ సెట్ చేసే స్క్రూ తిప్పితే శ్రమ వృథా. ముసురు రోజుల్లో ప్రతి షిఫ్టు మొదట్లో ట్యాంకు నీరు, ఫిల్టర్ గిన్నె నీరు వదిలేయండి. నీరు మోటారులోకి చేరితే వేన్లు (మోటారు లోపలి రెక్కలు) పట్టేసి వేగం తగ్గుతుంది, దాంతో టార్క్ (బోల్టును తిప్పే బలం) పడిపోతుంది.

పల్స్ యూనిట్ లోపలి ఆయిల్ వేరు, గాలి లైన్లో వేసే ఆయిల్ వేరు. ఒకదాని బదులు ఒకటి పోయకండి. ఒకే రకం బోల్టు బిగియడానికి మునుపటికన్నా ఎక్కువ సేపు పడుతుంటే ఆయిల్ తగ్గిందేమో చూడండి. నింపేటప్పుడు గాలి బుడగలు పోనివ్వాలి. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి, కొంత తీసేయమని మాన్యువల్ చెబితే ఆ కొలత కచ్చితంగా పాటించండి.

చల్లటి టూల్‌ని సెట్ చేయకండి. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక టార్క్ తగ్గుతుంది. కొన్ని బోల్టులు బిగించి, గాలి ఆపి, గొట్టం విప్పి, అప్పుడే ఆ స్క్రూకి అలెన్ కీ పెట్టండి. ఏ వైపు తిప్పితే పెరుగుతుందో మాన్యువల్‌లో చూసుకుని, ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టుకు మించకుండా తిప్పండి. పరీక్ష వైస్‌లో పట్టిన ఇనుప దిమ్మ మీద కాదు, అసలు జాయింటు మీదే చేయాలి. గాస్కెట్ ఉన్న జాయింటు మెత్తగా దిగుతుంది, దానికి ఎక్కువ పల్సులు కావాలి.

కనీసం 10 కొత్త బోల్టులు బిగించి కొలవండి. నట్టు మీదా, పక్క లోహం మీదా మార్కర్‌తో ఒకే గీత గీసి, డిజిటల్ టార్క్ రెంచితో బిగించే వైపే నెమ్మదిగా లాగండి. గీత కొద్దిగా కదిలినప్పటి అంకె రాసుకోండి. క్లిక్ రెంచి టక్కుమంటే టార్క్ దాని మీద సెట్ చేసిన అంకెకు తగ్గలేదని మాత్రమే తెలుస్తుంది, అతిగా బిగిసిందీ లేనిదీ తెలియదు. 80 న్యూటన్ మీటర్లు కావాల్సిన చోట సగటు 70 వస్తే స్క్రూ తిప్పాలి. సగటు 80 ఉండి, విడివిడిగా 65 నుంచి 95 దాకా చెదురుతుంటే స్క్రూతో లాభం లేదు. అప్పుడు అరిగిన సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, ఊగిసలాడే ప్రెషర్, బోల్టులు చూసుకోండి. వాటంతట అవే ఆగని టూళ్లలో ట్రిగ్గర్ ఎంతసేపు పట్టారన్నది కూడా తేడా తెస్తుంది.

బోల్టుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. టార్క్‌లో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసి జాయింటును పట్టి ఉంచేది మిగతా 10 శాతమే. సముద్రపు గాలికి మర తుప్పెక్కితే మీటరు 80 చూపుతుంది కానీ జాయింటు వదులుగానే ఉంటుంది. అలాగని సొంతంగా నూనె పూస్తే అదే టార్క్‌కు బోల్టు అతిగా సాగుతుంది, తెగనూవచ్చు. పెట్టెలు మూసి ఎత్తైన చోట పెట్టండి, తుప్పు మచ్చ కనిపించిన బోల్టును పక్కన పడేయండి.

మెరిసే చేతి సాకెట్లు పగిలి కళ్లలోకి ఎగరవచ్చు. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడండి, కళ్లద్దాలు, చెవి మఫ్ తీయకండి. కరెంటు కోత తర్వాత జనరేటర్ మీద కంప్రెసర్ నడిపితే, పని మొదలుపెట్టే ముందు టూల్ దగ్గర ప్రెషర్, మూడు బోల్టుల టార్క్ మళ్లీ చూసుకోండి.