అమ్మే ఇంటికి బయటి రంగు: చెమ్మ దాచకుండా ఎలా వేయించాలి

కొత్తగా రంగేసిన ఇల్లు చూపిస్తామంటే నేను నేరుగా హాల్లోకి వెళ్ళను. చెప్పులు విప్పకుండా పక్క సందులోంచి వెనక్కి నడుస్తాను. వీధి గోడ పదిమంది కళ్ళలో పడుతుంది కాబట్టి ఇంటివాళ్ళు డబ్బంతా దానికే పెడతారు. స్నానాలగది పైపు దిగిన చోటు, నీళ్ళ ట్యాంకు కింద గోడ, ఎండ తగలని ఉత్తరపు సందు చూస్తే ఇల్లు ఎలాంటిదో తెలిసిపోతుంది.

మాది ఒడిశాలోని బరంపురం. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళూ స్థలాలూ చూపించే పని నాది. ఒడియా వాళ్ళు దలాల్ అంటారు, మనవాళ్ళు బ్రోకరమ్మ అంటారు. రెండింట్లోనూ పెద్ద గౌరవమేమీ వినబడదు, అలవాటైపోయింది. మా నాన్న రంగుల మేస్త్రి. ఇచ్ఛాపురం నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకి చదువు రాదు. ఎన్ని నీళ్ళు కలపాలి, కోటుకీ కోటుకీ మధ్య ఎన్ని గంటలు ఆగాలి, ఇవన్నీ బడి నుంచి వచ్చాక డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేనే చదివి చెప్పేదాన్ని. అప్పుడు చదివిన ఆ డబ్బాలే ఇప్పుడు ఈ పనిలోనూ అన్నం పెడుతున్నాయి.

పని మొదలెట్టిన కొత్తలో ఒక ఇల్లు అమ్మించాను. అమ్మేవాళ్ళు పుష్యమాసంలో రంగులేయించారు. మాఘంలో పర్లాకిమిడి మాస్టారొకరు కొనుక్కున్నారు. శ్రావణంలో ఆయన మా గుమ్మం ముందు నిలబడి జేబురుమాలు విప్పారు. అందులో అరచెయ్యంత రంగు పెచ్చు, దాని వెనకంతా తెల్లటి ఉప్పు. "అమ్మా, ఇది మీకు తెలీదా?" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. నాకు నిజంగానే తెలీదు. కానీ మేస్త్రి కూతురిని, తెలియాల్సింది. నా కమీషన్లో సగం ఆయనకి తిరిగి ఇచ్చేశాను. అప్పటినుంచి ఒకటే షరతు పెట్టుకున్నాను: ఇల్లు నా చేత అమ్మించాలంటే రంగు వేయించక ముందు నన్ను పిలవాలి, వేయించాక కాదు.

నా షరతు సంగతి అలా ఉంచండి, చట్టం కూడా అదే అంటోంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చదివి చూడండి. ఆస్తిలో తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపమేదైనా ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. నానిన గోడ మీద పుట్టీ (గోడని నున్నగా చేసే ముద్ద) రాసి, రెండు కోట్లు కొట్టి, ఏమీ ఎరగనట్టు ఊరుకోవడం ఆ లెక్కలోకే వస్తుంది.

రంగు కంటే ముందు నీళ్ళు

బయట వేసే ఎమల్షన్, అంటే నీళ్ళు కలిపి వేసే రంగు, వానని ఆపుతుంది. గోడ లోపలికి ఇంకో దారిన వస్తున్న నీటిని ఆపలేదు. లోపలున్న నీరు ఎండకి బయటికి రావాలని చూస్తుంది, రంగు పొర అడ్డొస్తే దాన్ని బొబ్బలా పైకి లేపుతుంది. వస్తూ వస్తూ ఇటుకలోని, సిమెంటులోని ఉప్పుని మోసుకొస్తుంది. మాస్టారి జేబురుమాల్లోని తెల్ల పొడి అదే.

అందుకని ముందు డాబా ఎక్కండి. నేను చూసిన చెమ్మల్లో ఎక్కువ భాగం పిట్టగోడ డాబాతో కలిసే మూలలోంచే దిగాయి. అక్కడ సన్నటి పగులుంటుంది, వాన నీరు నిలబడి నిలబడి లోపలికి పోతుంది. తూము మీద ఆకులున్నాయా, ఒక బిందె నీళ్ళు పోస్తే తూము వైపు పారుతున్నాయా, మధ్యలో మడుగు కడుతున్నాయా చూడండి. తర్వాత సజ్జలు. సజ్జ అడుగున అంచు వెంట సన్న గాడి ఉంటే నీటి బొట్టు అక్కడే తెగి కింద పడుతుంది, లేకపోతే గోడ పట్టుకుని జారుతుంది. తర్వాత పైపు కీళ్ళు. ఇవన్నీ బాగుచేయడానికి తాపీమేస్త్రి కావాలి, రంగుల మేస్త్రి కాదు. ఖర్చు కూడా చాలాసార్లు రంగు కంటే తక్కువే.

గోడ అడుగున రెండు మూడు అడుగుల మేర మాత్రమే పెచ్చులూడితే అది నేల చెమ్మ. పునాది మీద చెమ్మ ఆపే పొర లేని పాత ఇళ్ళలో ఇది మామూలు. ఏ కంపెనీ రంగు వేసినా పోదు. పోతుందని చెప్పిన దుకాణం వాణ్ణి కాగితం మీద రాసివ్వమనండి చూద్దాం.

గోడ ఆరిందో లేదో తెలుసుకోడానికి మీటర్లు దొరుకుతాయి గానీ మా నాన్న పద్ధతికి రూపాయి ఖర్చు లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథీన్ ముక్కని నాలుగు అంచులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలెయ్యండి. మర్నాడు దాని లోపలి వైపు చెమట పట్టినట్టు బొట్లుంటే రంగు వాయిదా వేసుకోండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే పరీక్షతో పనిలేకుండా 28 రోజులు ఆగాల్సిందే. పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ, రంగుని కాల్చి మచ్చలు చేస్తుంది.

ఎప్పుడు

మా గంజాం వైపు జూన్ నడిమి నుంచి వానలు. ఆశ్వయుజంలో తుఫాన్ల భయం సరేసరి: ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. దసరాకి ఇల్లు మెరవాలని అక్టోబరు మొదట్లో రంగులేయించేవాళ్ళని చూస్తే నాకు జాలి. కార్తీకం వెళ్ళాక గోడల్ని ఆరనిచ్చి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు కానిచ్చెయ్యండి. ఏప్రిల్, మే నెలల్లో గోడ కాలిపోతుంటే రంగు పట్టుకోకముందే పైన ఎండిపోతుంది. తప్పదనుకుంటే నీడ ఎటు ఉంటే అటు వేయించండి, పొద్దున పడమటి గోడ, సాయంత్రం తూర్పు గోడ. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, ఉన్న ఏడు చైత్రానికి ముందు మేస్త్రులు చిక్కరు, అది కూడా గుర్తుంచుకోండి.

పని

వేలు గోడకి రాసి చూడండి. సుద్దలా అంటితే పాత రంగు చచ్చిపోయినట్టే. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా సుద్దకి అంటుకుంటుంది గానీ గోడకి అంటుకోదు. వైర్ బ్రష్‌తో గీకించి, మంచినీళ్ళతో కడిగించి ఆరబెట్టండి. గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు సముద్రం గాలికి గోడ మీద ఉప్పు పేరుకుంటుంది, అక్కడ కడగకుండా మాత్రం వెయ్యకండి.

నాచు పట్టిన చోట బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు బ్రష్‌తో పట్టించి, అరగంట ఆగి, తోమి బాగా కడిగించండి. ఒక్క జాగ్రత్త: ఉప్పు మరకలు పోవాలని కొందరు మేస్త్రులు యాసిడ్ వాడతారు. అదీ బ్లీచింగూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరాడదు. నాచు చావకుండా పైన రంగేస్తే ఒక్క వానాకాలంలో మళ్ళీ తేలుతుంది.

పగుళ్ళ దగ్గర ఆగి చూడండి. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకలాంటి గీతలకి భయం లేదు. కాస్త పెద్దవాటిని వీ ఆకారంలో కోసి, దుమ్ము దులిపి, బయటి గోడలకని అమ్మే క్రాక్ ఫిల్లర్ నింపితే సరిపోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, లోపల గదిలోనూ అదే చోట కనిపించే పగులు వేరు. దానికి ఇంజనీరుని పిలవాలి. అలాంటిది పుట్టీతో పూడ్చిన ఇల్లు నేను చూపించను.

పుట్టీ మాటకొస్తే, బయటికి తెల్ల సిమెంటు పుట్టీ, అదీ అవసరమైన చోటే, పల్చగా. లోపలి గోడలకి వాడే యాక్రిలిక్ పుట్టీ బయట రాస్తే వానకి మెత్తబడిపోతుంది. ఒకసారి మా వీధి మేస్త్రి మిగిలిన లోపలి పుట్టీనే బయట రాసేస్తుంటే పట్టుకున్నాను. "అప్పా, రొండు కోట్లు ఏసేత్తే ఏటీ కనబడదు, ఎవులు సూత్తారు?" అన్నాడు. "వానొచ్చి చూస్తుంది బాబూ" అన్నాను.

తర్వాత బయటి గోడల ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత) ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు. కోటుకీ కోటుకీ మధ్య నాలుగైదు గంటలైనా ఆగాలి, డబ్బా మీద ఎంతుంటే అంత. మేస్త్రులు సాయంత్రం లోపు ఇంకో చోటికి పోవాలని తొందరపడతారు. మొదటి కోటులో నీళ్ళు ఎక్కువ పోయడం కూడా మామూలే, రంగు మిగులుతుంది మరి. దీన్ని కనిపెట్టాలంటే ముందే లెక్క మీ దగ్గరుండాలి.

లెక్క ఇలా కట్టండి. ముప్పై అడుగులు, నలభై అడుగులు కొలతలున్న రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. చుట్టుకొలత 140 అడుగులు, పిట్టగోడతో కలిపి ఎత్తు 25 అడుగులు, మొత్తం 3,500 చదరపు అడుగులు. కిటికీలు తీసేసేదీ సజ్జలు కలిపేదీ దాదాపు సరిపోతాయి. రెండు కోట్లకి లీటరుకి 50 చదరపు అడుగులనుకుంటే 70 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల బకెట్లు మూడు, పది లీటర్లది ఒకటి. డబ్బా మీద ఇంకా ఎక్కువ వస్తుందని రాసి ఉండొచ్చు, అది నున్నటి గోడ లెక్క. ప్రైమర్ సుమారు 35 లీటర్లు. సరుకు మీరే కొనండి, ఒకే బ్యాచ్ నంబరువి అడిగి తీసుకోండి, సీలు మీ ముందే తెరిపించండి. బకెట్లో కంపెనీ పెట్టే బహుమతి టోకెన్ మేస్త్రిదే, ఇచ్చెయ్యండి. ఫలానా కంపెనీయే కావాలని అతను పట్టుబట్టడానికి కొన్నిసార్లు ఆ టోకెనే కారణమని మాత్రం తెలిసి ఉండండి. ఖాళీ బకెట్లు పని అయ్యేదాకా పారెయ్యకండి, లెక్కపెట్టుకోవచ్చు.

రంగు ఏదంటే, అమ్మే ఇంటికి లేత రంగులు. గాఢమైన పసుపు, నారింజ, ఊదా ఎండకి త్వరగా వెలిసిపోతాయి. ఇటుక ఎరుపు, మట్టి పసుపు లాంటివి ఐరన్ ఆక్సైడ్‌తో చేస్తారు కాబట్టి నిలబడతాయి. వాస్తు రంగుల గురించి నన్నడక్కండి, కొనేవాళ్ళు ఎలాగూ వాళ్ళ సిద్ధాంతిని తెచ్చుకుంటారు.

బ్రోకరుతో

పని మొదలెట్టక ముందు గోడల ఫోటోలు తీసి ఉంచండి, పిట్టగోడ బాగుచేయించిన బిల్లు, రంగు బిల్లు దాచండి. చూడ్డానికొచ్చినవాళ్ళకి నేను ఆ ఫోటోలు ముందే చూపిస్తాను. "ఇక్కడ చెమ్మ ఉండేది, ఇదీ కారణం, ఇలా మూయించారు" అంటే బేరం పోతుందని ఇంటివాళ్ళు వణుకుతారు. పోయినవి ఉన్నాయి, లేవనను. కానీ వచ్చినవాళ్ళు గోడ మీద వంక పెట్టి లక్ష తగ్గించమనే బేరం అక్కడితో ఆగిపోతుంది.

కమీషన్ మొదటి రోజే మాట్లాడుకోండి, కాగితం మీద పెట్టండి. మా వైపు ఒకటి నుంచి రెండు శాతం నడుస్తుంది. ఇద్దరి దగ్గరా తీసుకునే బ్రోకరైతే ఆ సంగతి ఇద్దరికీ తెలియాలి. రంగుల దుకాణం దగ్గరా, మేస్త్రి దగ్గరా బ్రోకరు వాటా తీసుకుంటున్నాడేమో అడగడానికి మొహమాటపడకండి.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి: కొత్త అపార్ట్‌మెంట్లు, లేఅవుట్లు అమ్మాలంటే 2016 రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద ఏజెంటుగా రిజిస్టర్ అవ్వాలి, రిజిస్టర్ కాని ప్రాజెక్టుని అమ్మించకూడదు. అలాంటి ప్రాజెక్టులో స్వాధీనమయ్యాక ఐదేళ్ళ లోపు కట్టుబడి లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో 30 రోజుల్లో బాగుచెయ్యాలి. కొత్త ఫ్లాటు బయటి గోడ నానితే కొన్నవాళ్ళకి ఈ మాట చెప్పండి, వాళ్ళే మళ్ళీ రంగులేయించుకుంటూ కూర్చోనివ్వకండి.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కొనేవాళ్ళకి పట్టా ఒడియాలో ఉంటుంది, చదవలేరు. పక్కన కూర్చుని కిసమ్, అంటే భూమి రకం, రాసిన గడి చూపించండి. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం, శారద అని ఉంటే వరి పొలం. పొలం మీద ఇల్లుంటే తహసీల్దారు దగ్గర అది ఇంటి స్థలంగా మార్పిడి అయిందో లేదో అడగాలి. రాయగడ, కొరాపుట్ లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మడానికి వీల్లేదు, ఎంత చవకగా వచ్చినా సరే. గోడకి ఎంత మంచి రంగున్నా, ఈ గడి చూడకుండా బయానా ఇప్పించకండి.

తాళాలు అప్పగించే రోజు మిగిలిన లీటరు రంగుని మూత బిగించి కొన్నవాళ్ళకే ఇప్పిస్తాను. మూత మీద షేడ్ నంబరు, వేసిన నెల నా చేత్తో రాస్తాను. పిల్లలు సైకిలు ఆనించి గోడ గీకుతారు, కేబుల్ వాడు వచ్చి మేకు కొడతాడు. అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.