ఫైల్ పేర్లలో ఒడియా, తెలుగు, ఖాళీలు ఉంటే స్క్రిప్టు ఇలా రాయండి

పర్లాకిమిడి, రాయగడ వైపు డీటీపీ షాపుల కంప్యూటర్లలో ఒకే ఫోల్డర్లో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు పేర్లు కలిసే ఉంటాయి. వాటిని బ్యాకప్ తీయడానికి బాష్ (లినక్స్‌లో ఆదేశాలు నడిపే షెల్) స్క్రిప్టు రాస్తుంటే, ఫైలు పేరున్న వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ తప్పకుండా పెట్టండి. లేకపోతే ‘పర్లాకిమిడి పెళ్లి కార్డు’ అనే ఒక్క ఫైలును షెల్ మూడు ముక్కలు చేసి, లేని మూడు ఫైళ్ల కోసం వెతుకుతుంది.

ఫోల్డర్లోని ఫైళ్లు చూపే ఎల్‌ఎస్ (ls) ఆదేశం ఇచ్చే జాబితా మీద లూప్ తిప్పొద్దు. లినక్స్‌లో స్లాష్ (/), నల్ (విలువ సున్నా ఉన్న బైటు) తప్ప పేరులో ఏదైనా ఉండొచ్చు, కొత్త లైను కూడా. ఫైళ్లు వెతికే ఫైండ్‌కి ప్రింట్‌జీరో (-print0), ఆ పేర్లను మరో ఆదేశానికి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కి మైనస్ జీరో (-0) ఇస్తే పేర్లను నల్‌తోనే విడదీస్తాయి, ఆ టెన్షన్ ఉండదు. పేరు హైఫన్‌తో మొదలైతే ముందు డాట్ స్లాష్ (./) తగిలించండి, లేదంటే ఫైళ్లు తీసేసే ఆర్‌ఎం (rm) దాన్ని ఆప్షన్ అనుకుంటుంది.

అసలు చిక్కు మన లిపులతోనే. ఒడియాలో ‘రాయగడ’ అని కొట్టేటప్పుడు కింద చుక్క ఉన్న ‘డ’ ఒకే కోడ్‌గా పడొచ్చు, ‘డ’, చుక్క విడివిడిగా రెండు కోడ్‌లుగానూ పడొచ్చు. కంటికి రెండూ ఒకటే. స్క్రిప్టుకు మాత్రం వేర్వేరు ఫైళ్లు, అందుకే ఉన్న ఫైలే దొరకలేదంటుంది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఉంది కదా, దాని నార్మలైజ్‌తో రెండు పేర్లనూ ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరానికి ఎప్పుడూ ఒకే కోడ్ వరుస ఉండే యూనికోడ్ రూపం) లోకి మార్చాకే పోల్చండి. ఫైలు తెరిచేటప్పుడు మాత్రం డిస్కులో ఉన్న పేరునే వాడాలి.

పేరు పొడవూ చూసుకోండి. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్క ‘శ్రీ’కే 12 పోతాయి.