విదేశీ విహారానికి ఇంటి సరుకులు: సంచి ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

మా విజయనగరంలో గానీ, శ్రీకాకుళం వైపు మా చుట్టాలిళ్లలో గానీ ఎవరైనా పిల్లాపెద్దలతో సింగపూరుకో, దుబాయికో, మలేషియాకో పది రోజులు బయలుదేరుతున్నారంటే, సరుకులు సర్దే పని ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తుంది. కందిపొడి ఎంత వేయించాలో, ఆవకాయకు ఏ సీసా వాడాలో ఇక్కడ చెప్పడం లేదు. అవి మన ఇళ్లలో తెలియనివారు లేరు. సర్దిన సంచి ఎక్కడెక్కడ ఇబ్బంది పెడుతుందో, ఆ ఇబ్బందికి అసలు కారణం ఏమిటో, దాన్ని ఇంట్లోనే ఎలా తప్పించవచ్చో మాత్రమే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. మీరు ఎక్కబోయే విమాన సంస్థ నిషేధించిన వస్తువుల పట్టికను, మీరు దిగబోయే దేశం కస్టమ్స్ శాఖ ఆహార పదార్థాల గురించి పెట్టిన పేజీని ఒకసారి చదవాలి. రెండూ కలిపి పావుగంట పని. టికెట్ల ధర కోసం నెల రోజులు వెతికినవారు కూడా ఈ పావుగంట కేటాయించరు; ఎదురింటివారు క్రితం ఏడాది తీసుకువెళ్లారు కదా అన్న ధైర్యంతో బయలుదేరతారు. ఎదురింటివారు వెళ్లింది వేరే దేశానికని ఎవరికీ గుర్తుండదు.

సమస్య: కౌంటరు దగ్గర పెట్టె బరువు ఎక్కువ చూపిస్తోంది

సరుకులను విడివిడిగా తూచి కూడుకోవడం, ఖాళీ పెట్టె బరువును మరచిపోవడం దీనికి కారణం. చక్రాల పెట్టె ఒక్కటే నాలుగైదు కిలోలు ఉంటుంది. సర్దిన తర్వాత, తాళం వేసిన తర్వాత, వేలాడదీసే చిన్న త్రాసుతో మొత్తం పెట్టెను తూచాలి. కుటుంబానికంతటికీ కలిపి ఎన్ని కిలోలు అనుమతి ఉన్నా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే దాన్ని తీసుకోరు కాబట్టి, సరుకులన్నీ ఒకే పెద్ద పెట్టెలో పెట్టే ఆలోచన మానుకోవాలి.

అసలు బియ్యం, కందిపప్పు, నూనె మోసుకువెళ్లడమెందుకో నాకు అర్థం కాదు. సింగపూరులో సెరంగూన్ రోడ్డు, కౌలాలంపూరులో బ్రిక్‌ఫీల్డ్స్, దుబాయిలో కరామా, బ్యాంకాక్‌లో పాహురాత్ ప్రాంతాల్లో మన సరుకులమ్మే దుకాణాలు ఉన్నాయి. అక్కడ దొరకనిది మన చేతి రుచి ఒక్కటే. పొడులు, పచ్చళ్లు, వేయించిన రవ్వ, పిల్లలుంటే చోడిపిండి (రాగిపిండి), ఇంతవరకే తీసుకువెళ్లండి.

సమస్య: భద్రతా తనిఖీలో చేతిసంచిలోని పొట్లాలు తీసేశారు

కారం పొడిని మన విమానాశ్రయాల్లో చేతిసంచిలో అనుమతించరు. నెయ్యి, నూనె తేలే పచ్చడి ద్రవాల కిందికి వస్తాయి. 100 మిల్లీలీటర్లు మించిన డబ్బా అయితే సగమే నిండి ఉన్నా తీసేస్తారు. పెద్ద పెట్టె బరువు ఎక్కువైందని కౌంటరు ముందు నేలమీద కూర్చుని పచ్చడి సీసాను చేతిసంచిలోకి మార్చేవారికే ఇది ఎక్కువగా ఎదురవుతుంది. పొడులు, పచ్చళ్లు, నెయ్యి మొదటినుంచీ పెద్ద పెట్టెలోనే ఉండాలి. దారిలో తినడానికి చేతిసంచిలో పొడి చిరుతిండి, పలాస జీడిపప్పు చాలు.

సమస్య: పెట్టె తెరిచేసరికి బట్టలనిండా పచ్చడి నూనె

దీనికి మామూలు కారణం గాలి ఒత్తిడి. సామాను ఉంచే అరలో కూడా ప్రయాణికులు కూర్చునే చోట ఉన్నంత ఒత్తిడే ఉంటుంది గానీ, విమానం బాగా పైకి వెళ్లినప్పుడు అది సుమారు 8000 అడుగుల ఎత్తున్న కొండమీది ఒత్తిడి వరకూ తగ్గవచ్చు. నేలమీద మూత బిగించిన సీసాలోని గాలి అప్పుడు మూడో వంతు దాకా వ్యాకోచించాలని చూస్తుంది. సీసా నిలువుగా ఉంటే మూత సందునుంచి గాలి మాత్రమే బయటికి వస్తుంది. పడుకుని ఉంటే గాలికంటే ముందు నూనె వస్తుంది. అందువల్ల పైన తేలే నూనెను వంచేసి, గాలి పూర్తిగా పిండేసిన మందపాటి కవరులో పచ్చడిని చదునుగా పరచి, రెండో కవరులో పెట్టి, దాన్ని స్టీలు డబ్బాలో ఉంచాలి. మన వైపు పెట్టే ఎండావకాయ అయితే ఈ బెడద చాలావరకు ఉండదు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా నూనె కారిందంటే ఆ కారణం మూతలో ఉండదు. నేను రెండు ప్రయాణాలు నష్టపోయి తెలుసుకున్నది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

మొదటిసారి సింగపూరులో పెట్టె తెరిచినప్పుడు స్టీలు డబ్బా అడ్డంగా పడి ఉంది, చుట్టిన టేపు ఊడి ఉంది, మా అక్క పట్టుచీర పచ్చడి రంగుకు తిరిగింది. మూతదే తప్పని అందరం తీర్మానించి, మరుసటి ప్రయాణానికి రబ్బరు వాషరున్న కొత్త డబ్బాలు కొన్నాం. మళ్లీ అదే జరిగింది. అప్పుడు మా బావగారు, ఇందులో చెప్పవలసిందేముందన్నట్టుగా, రెండుసార్లూ బయలుదేరిన విమానాశ్రయంలోనే తనను పేరు పెట్టి పిలిచారనీ, పెట్టె తెరిపించి ఏదో చిన్న పొట్లం తీసేశారనీ, విమానానికి వేళ అవుతోందని తాను చేతికందినట్టు కుక్కి మూసి వచ్చేశాననీ అన్నారు. పిల్లలు కంగారు పడతారని మాకు చెప్పలేదట. ఆ పొట్లంలో ఏముందని అడిగితే, "పూజ సామానేదో ఉంది" అన్నారు.

ఆ పొట్లం నేను సర్దినది కాదు. మా పెద్దత్తయ్య, ప్రయాణం రోజు తెల్లవారుజామున, ఆడపిల్లకు బొట్టు పెట్టి, పసుపు, కుంకుమ, రెండు ఎండుకొబ్బరి చిప్పలు, ఒక కర్పూరం పొట్లం జాకెట్టు గుడ్డలో మూటకట్టి పెట్టెలో పైపైన దూర్చింది. నేను తూకం చూసి తాళం వేసిన తర్వాత మళ్లీ తీయించి మరీ పెట్టింది. తరువాత అడిగితే, "ఏటమ్మా, కొబ్బరి చిప్ప లేకుండా బొట్టెట్టి పంపుతామేటి?" అని నన్నే నిలదీసింది. ఆమె మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ఉద్దానం కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషికి ఎండుకొబ్బరి ప్రమాదకరమైన వస్తువంటే నవ్వు రాక ఏమవుతుంది?

కానీ విమానయాన నియమాల్లో అది ప్రమాదకర వస్తువే. కోప్రా అనే పేరుతో, యు.ఎన్. 1363 సంఖ్యతో, తనంతట తాను వేడెక్కి మండగల పదార్థాల వర్గమైన 4.2లో దాన్ని చేర్చారు. ఎండుకొబ్బరిలో అరవై శాతానికి పైగా నూనె ఉంటుంది. ఆ నూనె గాలితో నెమ్మదిగా కలుస్తున్నప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా పోసినచోట ఆ వేడి బయటికి పోలేక పెరుగుతూ పోతుంది. సోంపేట, కవిటి వైపు కొబ్బరి వ్యాపారం చేసేవారికి, సరిగా ఎండని సరుకును గుట్టగా పోస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వెచ్చబడుతుందని ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు చిప్పల వల్ల విమానం అంటుకోదని మీరు వాదించవచ్చు. పట్టికలో చిప్పల లెక్క లేదు. చేతిసంచిలోకి మార్చడం కూడా నమ్మదగిన ఉపాయం కాదు. కర్పూరం కూడా మండే ఘనపదార్థంగా అదే పట్టికలో ఉంది. హారతి ఇవ్వాలని దానితోపాటు అగ్గిపెట్టె కూడా పెట్టేవారున్నారు. మూడూ ఒకే మూటలో ఉంటే ఎక్స్‌రే దగ్గర ఆ పెట్టె ఆగకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఇక్కడ మోసం ఎక్కడుందంటే, మనం సరుకుల జాబితా రాసుకునేటప్పుడు ఈ మూట సరుకుల్లోకి రాదు. అది ఆచారం, అది ప్రసాదం, అది పెద్దవాళ్ల దీవెన. అందువల్ల ఎవరి జాబితాలోనూ ఉండదు. అరసవల్లి నుంచో పైడితల్లి గుడి నుంచో తెచ్చిన ప్రసాదం పొట్లంలో కూడా ఒక కొబ్బరి ముక్క ఉండవచ్చు. పెట్టె తెరిపించినప్పుడు పోయేది ఆ ముక్క ఒక్కటే కాదు. మీరు అరగంట కూర్చుని కట్టిన కట్లు, నిలువుగా నిలబెట్టిన డబ్బాలు, గుడ్డలతో బిగించిన సందులు అన్నీ రెండు నిమిషాల్లో చెదిరిపోతాయి. ఆ తర్వాత కారే నూనెకు మూతను నిందించి ప్రయోజనం లేదు. పిలుపు వినబడక ఎవరూ వెళ్లకపోతే పెట్టె మీతో రాకుండా అక్కడే ఉండిపోయే ప్రమాదం కూడా ఉంది.

పరిష్కారంగా మా ఇంట్లో ఇప్పుడు మూడు పద్ధతులు పాటిస్తున్నాం. బొట్టు పెట్టే కార్యక్రమం ముందురోజు సాయంత్రమే జరుగుతుంది. కొబ్బరి చిప్పలు ఆడపిల్ల చేతిలో పెడతాం; ఆమె వాటిని దేవుడి గదిలోనే ఉంచి, తిరిగి వచ్చాక తీసుకుంటుంది. పెద్దత్తయ్య దీనికి ఒప్పుకోవడానికి ఒక వారం పట్టింది. రెండోది, తాళం వేసిన తర్వాత ఎవరైనా తీయాలంటే నా ఎదుటే తీయాలి, పెట్టినది పైకి చెప్పాలి. మూడోది, ఆహార పొట్లాలన్నిటినీ ఒకే పారదర్శకమైన సంచిలో వేసి, దాన్ని పెట్టెలో అన్నిటికంటే పైన ఉంచుతాం. ఒకవేళ తెరవమన్నా, ఆ ఒక్క సంచి తీసి చూపించి మళ్లీ పెట్టేయవచ్చు. అడుగున ఉన్నవి కదలవు.

ప్రయాణానికి చేసే కూరపొడిలో ఎండుకొబ్బరి వేయడం కూడా మానేశాం. నియమం సంగతి ఎలా ఉన్నా, కొబ్బరి ఉన్న పొడి త్వరగా కనరు వాసన కొడుతుంది.

సమస్య: దిగిన దేశంలో కస్టమ్స్ వారు పొట్లం పక్కన పెట్టారు

ఇక్కడ కూడా తప్పు పొట్లం పేరులో ఉండదు, లోపల కలిసిన దినుసులో ఉంటుంది. "మసాలా పొడి" అని రాసిన కవరులో గసగసాలు ఉన్నాయా లేదా అన్నది పొడి కొట్టిన మనిషికి తప్ప మరెవరికీ తెలియదు. మనకు అవి వంటింటి దినుసు, యు.ఏ.ఈ., సౌదీ అరేబియా, సింగపూరుల్లో మాత్రం నల్లమందు మొక్క గింజలుగా మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తాయి. ఇది పొట్లం పారేసి వదిలేసే విషయం కాదు, మనిషినే ఆపుతారు. గల్ఫ్‌లో దిగేవారే కాకుండా అక్కడ విమానం మారేవారు కూడా గసగసాలు కలిసిన ఏ పొడినీ, ఏ మిఠాయినీ వెంట ఉంచుకోకపోవడం మంచిది. ఇంట్లో తాంబూలం వేసుకునే పెద్దలుంటే, యు.ఏ.ఈ.లోకి తమలపాకు తీసుకురాకూడదని వారికి ముందే చెప్పండి.

మిగతా దేశాల సంగతి ఇంత భయపెట్టేది కాదు. అమెరికా పచ్చి కరివేపాకును రానివ్వదు, ఎందుకంటే నిమ్మజాతి తోటలను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకుమీద బతుకుతుంది. ఖప్రా పురుగు భయంతో మన దేశపు బియ్యాన్ని కూడా ప్రయాణికుల నుంచి తీసేసుకుంటుంది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ దేశాలు మాంసంతో, పాలతో చేసినవి తేవద్దంటాయి కాబట్టి నాటుకోడి పచ్చడి, పాలకోవా ఇంట్లోనే తినేసి వెళ్లాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవారు రాకపత్రంలో ఆహారం ఉందా అన్న ప్రశ్నకు "అవును" అని రాయాలి. అవునని రాసినవారి దగ్గర మహా అయితే పొట్లం తీసుకుంటారు. లేదని రాసి దొరికినవారికి న్యూజిలాండులో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా పడుతుంది. వేయించి చేసిన పొడి ఆహారమా కాదా అని మనసులో తర్కించుకోకుండా అవునని రాసేయండి.

ప్రతి కవరుమీద లోపలి దినుసులన్నీ ఇంగ్లీషులో రాసి అతికిస్తే అధికారి అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి. ఆ కాగితం రాయడానికి కూర్చున్నప్పుడే గసగసాలు గుర్తుకు వస్తాయి.

సమస్య: అన్నీ చేరాయి, కానీ గదిలో వండుకోవడం కుదరలేదు

గది తీసుకునేటప్పుడు వంటకు అనుమతి ఉందో లేదో అడగకపోవడమే కారణం. మామూలు హోటల్ గదిలో పోపు పెడితే పొగ గంట మోగుతుంది. వంటగది ఉన్న వసతి దొరకకపోతే వేడినీళ్లు పోస్తే అయిపోయే వేయించిన ఉప్మా మిశ్రమం, అటుకులు, చోడిజావ మాత్రమే తీసుకువెళ్లాలి. కెటిల్ తీసుకువెళ్లేవారు ప్లగ్ చూసుకోవాలి: సింగపూరు, మలేషియా, యు.ఏ.ఈ., బ్రిటన్లలో చదరపు కాళ్లు మూడు ఉన్న ప్లగ్ ఉంటుంది. జపానులో కరెంటు 100 వోల్టులే కాబట్టి మన 230 వోల్టుల కెటిల్ అక్కడ ఐదో వంతు శక్తితో పని చేస్తుంది. అది చెడిపోయిందని బాగుచేయించుకోవడానికి తిరగనక్కరలేదు.

రవ్వలో పురుగు పట్టడం, పొడి గడ్డకట్టడం, కుక్క వాసన చూసి సంచి దగ్గర కూర్చోవడం లాంటివి కూడా జరుగుతాయి. రవ్వను వేయించి చల్లారాక కట్టండి, పొడిని తడి చెంచాతో తీయకండి, కుక్క కూర్చుంటే నిలబడి అడిగినదానికి జవాబు చెప్పండి.