నాలుగు గుడ్లు, ఒక డబ్బాతో మెదడు పాఠం చెప్పడం ఎలా?

హెల్మెట్ పెట్టుకోమని పిల్లలకు చెప్పి చెప్పి విసిగిపోయారా? ఒక ఆదివారం ఈ ప్రయోగం చేసి చూపించండి. అరగంట పని. పచ్చి కోడిగుడ్లు నాలుగు, గట్టి మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, కాస్త ఎక్కువగానే ఉప్పు, ఒక పాత చున్నీ ఉంటే చాలు. డబ్బాలో గుడ్డు పెట్టాక చుట్టూ రెండు వేళ్ల ఖాళీ మిగలాలి. గాజు సీసా వద్దు. వంటగది సింకు దగ్గరో పెరట్లోనో చేయండి, మొదటి గుడ్డు ఎలాగూ పగులుతుంది.

1. ఖాళీ డబ్బాలో గుడ్డు పెట్టి మూత బిగించండి. డబ్బా పుర్రె, గుడ్డు మెదడు అనుకోమనండి. పిల్లల చేతికిచ్చి ఊపమనండి. రెండు మూడు ఊపులకే పని అయిపోతుంది. డబ్బాకు గీత కూడా పడదు. మెదడు చుట్టూ 8 ఎముకలు కుట్లు వేసినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నా, ఎముక ఒక్కటే ఎందుకు చాలదో ఇక్కడే తెలిసిపోతుంది.

2. డబ్బా కడిగి రెండో గుడ్డు పెట్టి నీళ్లు పోయండి. గుడ్డు అడుగున కూర్చుంటుంది. ఇప్పుడు ఉప్పు వేస్తూ, కరిగేదాకా కలుపుతూ ఉండండి. ఒక దశలో గుడ్డు అడుగు వదిలి పైకి లేస్తుంది. అది మధ్యలో తేలుతున్నప్పుడు ఆపి, అదే ఉప్పునీటితో డబ్బాను అంచుదాకా నింపి, గాలి బుడగ మిగలకుండా మూత పెట్టండి. బుడగ మిగిలితే నీళ్లు అటూ ఇటూ కొట్టుకుని గుడ్డును గోడకేసి నెడతాయి. ఇందాకటిలాగే ఊపండి. ఈసారి గుడ్డు పగలదు.

ఇక్కడ కాసేపు ఆగి అసలు సంగతి చెప్పండి. పెద్దవాళ్ల మెదడు 1,300 నుంచి 1,400 గ్రాములు ఉంటుంది, మెత్తదనంలో జున్ను ముక్కే. గట్టి నేల మీద పెడితే తన బరువుకు తానే కుంగిపోతుంది. అందుకే అది మస్తిష్క మేరు ద్రవం అనే నీళ్లలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. తేలడం వల్ల దాని బరువు సుమారు 50 గ్రాములే ఉన్నట్టు లెక్క. ఈ ద్రవం ఏ సమయంలో చూసినా దాదాపు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ కప్పు. కానీ రోజుకు అర లీటరు దాకా తయారవుతుంది, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది.

ఆ నీళ్లు ఎక్కడుంటాయని పిల్లలు అడుగుతారు. మెదడుకు మూడు పొరలు: ఎముకకు ఆనుకుని తోలులా గట్టిగా ఉండే వరాశిక, దాని కింద సాలెగూడులాంటి లౌతికళ, మెదడును అంటిపెట్టుకుని ఉండే మృద్వి. ద్రవం ఉండేది చివరి రెండింటి మధ్య. ఇంట్లో మేక భేజా వండినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. కడిగేటప్పుడు ఎర్రటి రక్తనాళాలతో సహా ఊడి వచ్చే పల్చటి పొర ఉంటుందే, అది ఈ పొరల్లోదే.

3. మూడో గుడ్డుతో పోలిక మార్చండి. ఇప్పుడు పెంకే పుర్రె, పచ్చసొన మెదడు. గుడ్డును చున్నీ మధ్యలో పెట్టి రెండు పక్కలా బిగించి కట్టండి. చివర్లు పట్టుకుని బాగా మెలిపెట్టి, ఒక్కసారిగా లాగితే గుడ్డు గిర్రున తిరుగుతుంది. పది పదిహేనుసార్లు చేశాక గిన్నెలో కొట్టి చూడండి. పెంకు బాగానే ఉంటుంది, లోపల మాత్రం సొనలు కలిసిపోయి ఉంటాయి. మొదటి ప్రయత్నంలో కుదరకపోవచ్చు, నాలుగో గుడ్డు అందుకే. అమెరికాలోని విల్లనోవా యూనివర్సిటీ వాళ్లు పచ్చసొన మీద ఇలాంటి ప్రయోగమే చేసి 2021లో ప్రచురించారు. నేరుగా తగిలిన దెబ్బకు సొన పెద్దగా మారలేదు, తిరుగుతూ తిరుగుతూ హఠాత్తుగా ఆగినప్పుడు బాగా సాగిపోయింది. బండి మీద నుంచి పడ్డప్పుడు తల మెడ మీద గిరుక్కున తిరిగేదీ, హఠాత్తుగా ఆగేదీ ఇలాగే.

4. ఇప్పుడు హెల్మెట్ తెచ్చి తిరగేసి చూపించండి. అసలు పని చేసేది పైన మెరిసే డొప్ప కాదు, లోపలి థర్మాకోల్. అది నలిగి, తల ఆగడానికి మరికాస్త సమయం ఇస్తుంది. ఒకసారి నలిగితే మళ్లీ పూర్వరూపానికి రాదు కాబట్టి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి ఎంత బాగున్నా, పారేయాల్సిందే. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, దానితో ఐఎస్ 4151 అన్న అంకె చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ ఉండాలంటుంది, పట్టీ బిగించి ఉండాలని కూడా అంటుంది. పట్టీ పెట్టుకున్నాక పిల్లవాడి తల పట్టుకోకుండా హెల్మెట్‌ను మాత్రమే వెనక నుంచి ముందుకు తోసి చూడండి. ఊడి వస్తే సైజు తప్పు.

ఒక్క జాగ్రత్త: కణత దగ్గర ఎముక పల్చన, దాని లోపలి వైపునే ఒక ధమని పోతుంది. అక్కడ దెబ్బ తగిలిన మనిషి లేచి మామూలుగానే మాట్లాడి, కొన్ని గంటల తర్వాత స్పృహ తప్పొచ్చు. దెబ్బ తర్వాత వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు కనిపిస్తే "పడుకుంటే తగ్గుతుందిలే" అనుకోకుండా స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

చేతులు సబ్బుతో కడుక్కోండి. గిన్నెలోని సొనలు ఆమ్లెట్‌కు పనికొస్తాయి, గిలక్కొట్టే పని కూడా అయిపోయింది.